పాకం నుంచి పలాస దాకా

అరిసెల పాకం దగ్గర తగువు రాని ఇల్లు తెలుగుదేశంలో వుండదు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పొయ్యి మీద బెల్లం మరుగుతూ వుంటుంది. గరిటె పట్టుకున్న కోడలికి పాకం ఇంకా రాలేదనిపిస్తుంది. గుమ్మంలో కూచున్న అత్తగారికి అది వచ్చేసి, దాటిపోతోందనిపిస్తుంది. "ఒచ్చీసింది, దించీయే!" అని ఆవిడా, "ఉండండత్తా, ఇంకా ఉండ కట్టందే!" అని ఈవిడా. చివరికి పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, ఒక చుక్క పాకం అందులో వేసి, వేలితో దగ్గరికి లాగి చూస్తారు. ఉండ నిలిస్తే దించుతారు. జారిపోతే ఇంకో నిమిషం. ఆ నిమిషం కాస్తా రెండైతే పండగ పూట అల్లుడి పన్ను వూడుతుంది.

లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం - ఇన్ని దశలకి ఇన్ని పేర్లు పెట్టిన ఆడవాళ్ళు థర్మామీటరు చూసి పెట్టలేదు. వస్తువు ఎల్లా కారుతోంది, లాగితే సాగుతోందా తెగుతోందా, వదిలితే నిలుస్తోందా పరుచుకుంటోందా అని కంటితోనూ వేలితోనూ కొలిచి పెట్టారు. అదే పని గాజుగొట్టాలతోనూ, తిరిగే ఇరుసులతోనూ, సమీకరణాలతోనూ చేస్తే దాన్ని రియాలజీ అంటారు. గ్రీకు భాషలో ప్రవాహానికున్న మాట నుంచి తీసిన పేరది. మనం ప్రవాహశాస్త్రం అనుకుందాం. 1929లో అమెరికాలో యూజీన్ బింగ్‌హామ్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు మరికొందరితో కలిసి దానికొక సంఘం కూడా పెట్టాడు.

ఈ శాస్త్రానికీ మన శ్రీకాకుళం జిల్లాకీ మధ్య చాలా కాలంగా ఒక లావాదేవీ నడుస్తోంది. సరుకు మనది, కొలత వాళ్ళది. ఆ లావాదేవీలో కొలతకందినదేమిటో, అందకుండా పోయినదేమిటో చెప్పడానికే ఈ వ్యాసం. అయితే పలాస చేరే ముందు దారిలో రెండు మూడు చోట్ల దిగాలి.

మొదటి మజిలీ న్యూటన్ దగ్గర. 1687లో అచ్చయిన 'ప్రిన్సిపియా'లో ఆయన ద్రవాల సంగతీ ఎత్తుకున్నాడు. ద్రవంలో ఒక పొర పక్క పొర మీద జారుతున్నప్పుడు పుట్టే నిరోధం ఆ జారే వేగానికి అనులోమంగా వుంటుందన్నాడు. అంటే రెట్టింపు వేగంతో కలిపితే గరిటెకి రెట్టింపు బరువు తగులుతుందన్న మాట. ఆ నిష్పత్తినే పాఠ్యపుస్తకాల్లో స్నిగ్ధత అంటారు, ఇంట్లో చిక్కదనం అంటారు. తరవాత 1840 ప్రాంతాల్లో పారిస్‌లో పాయిజీ అనే వైద్యుడు, సన్నని రక్తనాళాల్లో రక్తం ఎల్లా పారుతుందో తేల్చుకోవాలని వెంట్రుకవాసి గాజుగొట్టాల్లో ద్రవాలు పోసి కొలిచాడు. ఆయన పేరు మీదే చిక్కదనానికి 'పాయిజు' అని కొలత ఏర్పడింది. అందులో నూరో వంతు సెంటీపాయిజు. 20 డిగ్రీల దగ్గర మంచినీళ్ళ చిక్కదనం ఒక సెంటీపాయిజు. ఆముదం చిక్కదనం దాదాపు వెయ్యి. ఆముదం తాగే పిల్లవాడి మొహం చూస్తే ఆ వెయ్యి ఎక్కువేం కాదనిపిస్తుంది.

నీళ్ళూ నూనెలూ న్యూటన్ మాట వింటాయి. చోడి అంబలి మాత్రం వినదు. చోళ్ళంటే రాగులని ఉత్తరాంధ్ర దాటిన పాఠకులకి చెప్పాలి గనక చెబుతున్నాను. పొద్దున్న కుండలో వున్న అంబలి చూడండి. కదపకుండా వుంచితే ముద్దలా బిగుసుకుంటుంది. గరిటెతో జోరుగా తిప్పితే వదులై లోటాలోకి జారుతుంది. కాస్సేపు వదిలేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. రెట్టింపు వేగంతో తిప్పితే రెట్టింపు బరువు తగలాలి కదా, తగలదు. ఇంతకీ అంబలి చిక్కదనం ఎంత? ఎవరు ఎంత జోరుగా తిప్పుతున్నారో చెబితే గాని జవాబు లేదు. 1923లో డి వేల్, 1925లో వోల్ఫ్‌గాంగ్ ఓస్వాల్డ్ ఈ తిక్క ద్రవాలకొక సూత్రం కట్టారు. నిరోధం వేగంతో కాక, వేగం తాలూకు ఏదో ఒక ఘాతంతో పెరుగుతుందన్నారు. నీళ్ళకి ఆ ఘాతం ఒకటి. అంబలి లాంటివాటికి ఒకటి కన్నా తక్కువ. అది ఎంత తక్కువైతే ఆ ద్రవం జోరుకి అంత లొంగుతుంది.

ఎందుకిల్లా లొంగుతుంది? దీనికి జవాబు 1920లో హెర్మన్ స్టాడింగర్ అనే జర్మన్ ఆచార్యుడు చెప్పిన మాటలో వుంది. పిండిపదార్థం, పత్తి, రబ్బరు - వీటి అణువులు వేల కొద్దీ చిన్న ముక్కలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఏర్పడిన పొడుగాటి గొలుసులన్నాడాయన. అంత పెద్ద అణువులుంటాయా అని తోటి ఆచార్యులు నవ్వారు. 1953లో నోబెల్ బహుమతి ఇచ్చేనాటికి నవ్వే వాళ్ళు మిగల్లేదు. ఈ గొలుసులనే పాలిమర్లంటారు. కదపకుండా వుంటే సేమ్యా పాయసంలో సేమ్యాలాగా చిక్కుపడి వుంటాయి. జోరుగా తిప్పితే ప్రవాహం వైపు సాగి, వరసలో పడి దారి ఇస్తాయి.

పొందూరులో ఖద్దరు నేసేవాళ్ళకి స్టాడింగర్ పేరు తెలియకపోయినా ఈ సంగతి తెలుసు. పడుగుకి పెట్టే గంజి కుంచె కింద పలచబడి దారం పొడుగునా పరుచుకోవాలి. కుంచె ముందుకి పోగానే చిక్కబడి దారానికి అంటిపెట్టుకోవాలి. మరీ పలచనైతే నేల పాలు. మరీ చిక్కనైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గంజీ గ్లూకోజు గొలుసే, పత్తీ గ్లూకోజు గొలుసే. ఒక గొలుసుకి ఇంకో గొలుసు పూత పుయ్యడం ఆ వీధిలో నిత్యకృత్యం.

గొలుసు పొడుగు పెరిగితే చిక్కదనం ఎంత పెరుగుతుంది? కరిగించిన పాలిమరులో గొలుసు పొడుగు రెట్టింపైతే చిక్కదనం సుమారు పది రెట్లవుతుందని కొలిచి తెలుసుకున్నారు. దీనికి కారణం 1971లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డి జెన్ చెప్పాడు. చుట్టూ వున్న చిక్కులో ఒక గొలుసు పక్కకి కదల్లేదు. పొదలో పాములాగా తన పొడుగు వెంబడే తాను పాకాలి. ఆ లెక్క వేస్తే ఎనిమిది రెట్లు వచ్చింది. పదికి ఎనిమిది దగ్గరే. మిగిలిన కొరత తీర్చడానికి తరవాతి వాళ్ళు చాలా కాలం తంటాలు పడ్డారు. డి జెన్‌కి 1991లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇహ రెండో మజిలీ విజయనగరం జిల్లా బొబ్బిలి. వీణ మెట్లను దండి మీద మేకులతో కొట్టరు. బొగ్గుపొడి కలిపిన మైనపు గట్టు మీద కూరుస్తారు. మైనం పాలిమరు కాదు గాని, ఇక్కడ మనకో పాఠం చెబుతుంది. వేలితో తంత్రిని అదిమినప్పుడు మైనం రాయిలా నిలుస్తుంది. అదే మైనం వేసవులు గడిచేకొద్దీ నెమ్మదిగా సాగి, మెట్టు వెంట్రుకవాసి కదిలిపోతుంది. అప్పుడు వీణకి మళ్ళీ మేళం కట్టించాలి. మరి మైనం ఘనమా, ద్రవమా? క్షణం లెక్కన ఘనం, ఏళ్ళ లెక్కన ద్రవం. వస్తువు కదలడానికి పట్టే కాలాన్ని మనం చూస్తున్న కాలంతో భాగించి చూసుకోమన్నాడు మార్కస్ రైనర్. 1964లో ఆ నిష్పత్తికి బైబిల్లోని దెబోరా అనే ప్రవక్త్రి పేరు పెట్టాడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ 1927లో గరాటులో కీలు పోసి పెడితే 2014 నాటికి తొమ్మిది చుక్కలు పడ్డాయి. ఓపికలో మన దస్త్రాల నడకకి దీటు రాగలిగింది అదొక్కటే.

మొత్తం మీద ఇవి మూడు సంగతులు. కొన్ని ద్రవాలు జోరుని బట్టి చిక్కదనం మార్చుకుంటాయి, గొలుసు పొడుగైతే చిక్కదనం హెచ్చుతుంది, ఎంతసేపు చూస్తామన్న దాన్ని బట్టి ఘనమో ద్రవమో తేలుతుంది. ఈ మూడూ మూట కట్టుకుని ఇప్పుడు పలాసలో దిగుదాం.

హౌరా - మద్రాసు రైలుమార్గంలో పలాస స్టేషను. పక్కనే జాతీయ రహదారి మీద కాశీబుగ్గ. చుట్టూ ఉద్దానం. కొబ్బరి, పనస, జీడిమామిడి తోటల సీమ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటి చెట్లను వేళ్ళతో సహా పెకలించి పోయింది. నాటిన జీడిచెట్టు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అయినా పలాసలో జీడి పరిశ్రమ ఆగలేదు. స్థానిక పిక్కలు చాలకపోతే ఆఫ్రికా పిక్కలు ఓడ దిగి వస్తాయి. పిక్క అన్నది మా వైపు మాట. జీడిపిక్క అంటే పైడొల్లతో వున్న గింజ, జీడిపప్పు అంటే లోపలిది.

జీడిమామిడి అన్న పేరు దగ్గర కాస్త ఆగాలి. ఈ చెట్టు మనది కాదు. బ్రెజిల్‌ది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. ఉత్తరాది వాళ్ళు పోర్చుగీసు మాట పట్టుకుని 'కాజు' అన్నారు. మనవాళ్ళు ఆ మాట పుచ్చుకోలేదు. కొత్త చెట్టుని తేరిపార చూశారు. ఆకూ పూతా మామిడిని తలపించాయి. గింజ పగలగొడితే చర్మం కాల్చే నల్ల సొన కారింది. అది తమకి ఎప్పటినుంచో తెలిసిన నల్లజీడిని తలపించింది. జీడి, మామిడి - రెండూ కలిపి పేరు పెట్టేశారు. తరవాత వృక్షశాస్త్రజ్ఞులు వచ్చి మామిడినీ, నల్లజీడినీ, ఈ బ్రెజిలు చెట్టునీ ఒకే కుటుంబంలో చేర్చారు. పేరు పెట్టిన ఊరివాళ్ళు ఆ ముందే ఆ బంధుత్వం పసిగట్టారు. జపానులో పెట్టెల మీదా గిన్నెల మీదా నిగనిగలాడే లక్క పూత ఇచ్చే చెట్టు కూడా ఆ కుటుంబానిదే.

నల్లజీడి పని పాతకాలపు వాళ్ళకి తెలుసు. ఉతకడానికి ఇచ్చిన బట్టల మీద చాకలి పెట్టే గుర్తు ఆ గింజ రసంతోనే. బట్ట చిరిగినా గుర్తు పోదు. ఎందుకంటే ఆ రసం గాలి తగిలి నూలుపోగు మీదే గట్టిపడిపోతుంది. చిన్న అణువులు చేతులు కలుపుకుని పెద్దవవుతాయి. అంటే చాకలి బాన పక్కనే పాలిమరు తయారయ్యేది.

జీడిపిక్క డొల్లలో తేనెపట్టు గదుల్లాంటి అరలుంటాయి. వాటి నిండా గోధుమరంగు నూనె. చెట్టు తన గింజని పురుగుల నుంచి కాపాడుకోవడానికి పెట్టుకున్న ఆయుధం అది. డొల్ల బరువులో సుమారు నాలుగో వంతు ఈ నూనే. 1847లో స్టాడలర్ అనే రసాయనజ్ఞుడు ఇందులోంచి అనకార్డిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. వేడి చేస్తే ఆ ఆమ్లం బొగ్గుపులుసు గాలిని వదిలేసి కార్డనాల్ అనే పదార్థంగా మారుతుంది. దాని బొమ్మ సులువు. ఒక ఉంగరం, ఉంగరానికి పదిహేను కార్బన్ల తోక. ఉంగరం అచ్చం ఫినాలు ఉంగరమే. 1907లో బేకలాండ్ ఫినాలునీ ఫార్మాల్డిహైడునీ కలిపి బేకలైటు చేశాడు కదా, ఈ ఉంగరంతోనూ అల్లాంటిదే చెయ్యొచ్చు. అయితే బేకలైటు పెళుసు, కొడితే పగులుతుంది. జీడినూనె రెజిను తోక వున్న జాతి గనక కాస్త ఒంగుతుంది, అదురుని ఓర్చుకుంటుంది.

ఈ సంగతి పట్టుకుని దానితో వ్యాపారం కట్టినవాడు అమెరికా రసాయనజ్ఞుడు మార్టిమర్ హార్వే. 1920ల నుంచి ఆయన పని ఇదే. 1940లో కాప్లాన్‌తో కలిసి జీడిడొల్ల నూనె గురించి అక్కడి పారిశ్రామిక రసాయన పత్రికలో వ్యాసం రాశాడు. అప్పటికి ఈ నూనె మోటారు బ్రేకుల్లోకి ఎక్కింది. జీడి రెజినుని గట్టిపరచి, దంచి పొడిచేసి బ్రేకు లైనింగులో కలుపుతారు. బ్రేకు వేడెక్కినా పట్టు సడలకుండా, కీచుమనకుండా ఆ పొడి కాపాడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకి ఇది యుద్ధ సరుకైంది. ఆ తరవాత రంగుల్లోకీ, ఓడల అడుగున పూసే పూతల్లోకీ పాకింది. అంతకు ముందు డ్రమ్ముల్లో పిక్కలు వేయించేటప్పుడు నల్లపొగగా తగలబడిపోయిన నూనె ఇప్పుడు డబ్బాల్లో నిండి ఓడలెక్కింది.

ఇక్కడ మళ్ళీ మన పాకం అవసరం పడుతుంది. ఫ్యాక్టరీ బాయిలరులో జీడినూనెనీ ఫార్మాల్డిహైడునీ కలిపి వేడి చేస్తే రెండు పనులు ఒక్కసారి జరుగుతాయి. వేడికి ఏ ద్రవమైనా పలచబడుతుంది. ఎంత వేడికి ఎంత పలచబడుతుందో 1930లో ఆండ్రేడ్ సూత్రం కట్టాడు. డిగ్రీలు పెరిగేకొద్దీ చిక్కదనం మొదట గబగబా, ఆపైన నెమ్మదిగా తగ్గుతుంది. కాని అదే వేడికి అణువులు చేతులు కలుపుకుని గొలుసులవుతాయి, చిక్కదనం పెరుగుతుంది. ఒకటి కిందికి లాగుతుంది, ఒకటి పైకి. చిక్కదనాన్ని కాలంతో గీస్తే గీత మొదట లోయలోకి దిగి, అడుగున కాస్సేపు ఆగి, తరవాత కొండలా ఎక్కుతుంది. అచ్చులో పోసి నొక్కాలంటే ఆ లోయ అడుగున వున్నప్పుడే నొక్కాలి. ముందు నొక్కితే పక్కలనుంచి కారిపోతుంది. తరవాత నొక్కితే అచ్చు నిండదు. అత్తాకోడళ్ళ తగువంతా ఆ లోయ అడుగు ఎక్కడుందన్నదే. బెల్లం పాకంలో గొలుసులేమీ కట్టవు, నీరు ఇగిరి చిక్కబడుతుందంతే. కాని క్షణం పట్టుకోవడంలోని ఇబ్బంది ఒక్కటే.

కొండ ఎక్కే గీత ఎక్కడో ఒక చోట నిలువుగా లేస్తుంది. అంతవరకూ కారిన ద్రవం ఇహ కారదు. జెల్లీ అయిపోతుంది. ఆ చోటు ముందుగా లెక్కకట్టడం ఎల్లాగో 1941లో పాల్ ఫ్లోరీ చూపించాడు. ఆయన లెక్క మనం వేళ్ళ మీద చెప్పుకోవచ్చు. ఒక జాతరలో ప్రతి మనిషికీ మూడు చేతులున్నాయనుకోండి. మీరు ఒకరి చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికి చేరారు. ఆయన చేతుల్లో ఒకటి మీ చేతిలో వుంది, రెండు మిగిలాయి. ఆ రెండింటిలో సగటున ఒక్క చెయ్యి ఇంకొకరిని పట్టుకుంటే చాలు, అల్లిక తెగకుండా సాగిపోతుంది. అంటే చేతుల్లో సగం కలిస్తే జాతరంతా ఒకే వల. ఆ తరవాత ఒక్కడిని లాగితే అందరూ కదలాలి. కార్డనాల్ ఉంగరానికి చేతులు కలిపే చోట్లు మూడే. రెజిను బాయిలరు దగ్గర పనివాడు కర్ర ముంచి తీగ లాగి చూసేది ఈ క్షణం కోసమే. దాటితే బాయిలరులోది కారి బయటికి రాదు, ఉలితో చెక్కి తియ్యాలి.

ఇల్లా దేశాలు దాటే సరుకుకి ఒక ప్రమాణం కావాలి కదా. మన దేశంలో జీడిడొల్ల నూనెకి భారతీయ ప్రమాణం 840 వుంది. దాని 1964 నాటి పాఠంలో 30 డిగ్రీల దగ్గర చిక్కదనం 550 సెంటీపాయిజులకి మించరాదని రాశారు. 30 డిగ్రీలని కట్టు ఎందుకంటే, అదే నూనె పలాసలో మే నెల మధ్యాహ్నం ఒక తీరుగానూ, పుష్యమాసం తెల్లవారుజామున ఒక తీరుగానూ కారుతుంది. 550 అని హద్దు ఎందుకంటే, అంతకు మించి చిక్కబడిందంటే నూనె ఎక్కడో ఎక్కువ కాలిపోయి, గొలుసులు కట్టడం అప్పుడే మొదలెట్టిందన్న మాట. కొనేవాడికి కావలసింది ఇంకా కట్టని గొలుసులు. నిజంగా పాలిమరు కడుతుందో లేదో చూడడానికి ఇంకో పరీక్ష. దానికి గరిష్ఠ గడువు 4 నిమిషాలు. అంటే చిక్కదనం ఒక జాతకం లాంటిది. ఎక్కడో అమెరికాలో కూచున్న కొనుగోలుదారు గరాటులోంచి నూనె పడడం చూసి, ఇక్కడ బాణలి దగ్గర ఏం జరిగిందో చెప్పేస్తాడు.

పప్పుకీ ఇల్లాంటి లెక్కే వుంది. డబ్ల్యూ 240 అంటే పౌనుకి సుమారు 240 పప్పులు తూగే రకం. 320 అంటే ఇంకా చిన్నవి. తెల్లగుండు, బద్ద, ముక్క - దేని ధర దానిదే. పిక్కకి తూకం వుంది. బస్తా అంటే 80 కిలోలు. పిక్కకీ, పప్పుకీ, నూనెకీ, డొల్లకీ కొలత దొరికింది.

మిగిలింది చెయ్యి.

పిక్కల నుంచి పప్పు తీసే పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. డ్రమ్ములో కాల్చిన పిక్క అయితే డొల్ల పెళుసు బారుతుంది, చెక్క మీద పెట్టి కొట్టి పగలగొట్టాలి. ఆవిరిలో ఉడికించిన పిక్క అయితే నూనె డొల్లలోనే వుండిపోతుంది, బ్లేడు యంత్రం పెడల్ తొక్కి చీల్చాలి. చీల్చిన ప్రతిసారీ నూనె బ్లేడు మీదికీ, బ్లేడు నుంచి వేళ్ళ మీదికీ వస్తుంది. ఇక్కడ దాని చిక్కదనమే దాని ప్రమాదం. నీళ్ళలాంటిదైతే జారిపోను. ఇది వేలిని అంటిపెట్టుకుని, చర్మం ముడతల్లోకి నెమ్మదిగా దిగుతుంది. నీళ్ళతో కడిగితే పోదు. చర్మం నల్లబడుతుంది, బొబ్బలెక్కుతుంది, పొరలు లేస్తుంది. చాకలి బట్ట మీద గుర్తు ఎల్లా పోదో, చేతి మీద నలుపూ అల్లాగే పోదు. రోజుల తరబడి ఈ పని చేసిన వేళ్ళకి గీతలే అరిగిపోతాయి. నల్లజీడి బట్ట మీద గుర్తు వేస్తే, దాని చుట్టం జీడిపిక్క మనిషి వేలి మీద గుర్తు చెరిపేస్తుంది. వేలిముద్ర లేనిదే బియ్యం గింజ కదలని కాలంలో అది చిన్న నష్టం కాదు.

ఈ ఆడవాళ్ళు చూస్తూ ఊరుకోలేదు. పలాసలో గాని, కేరళలో కొల్లంలో గాని, జీడి పని చేసే చోట్ల కూలీలు పనికి ముందు చేతులకి ఆముదం రాసుకోవడమో, బూడిద పులుముకోవడమో మామూలు. ఆముదమే ఎందుకు? పలచని నూనె వేలి మీంచి జారిపోతుంది. వెయ్యి సెంటీపాయిజుల ఆముదం నిలుస్తుంది. జీడినూనె కన్నా ముందు ముడతల్లో చోటు పట్టేస్తుంది. బూడిద ఎందుకు? నూనెలో పొడి కలిస్తే అది పేస్టవుతుంది. గట్టిగా నొక్కితే గాని కదలదు. నూనెరంగు మామూలు ద్రవం కాదు, కొంత బలం తగిలేవరకూ కదలని పదార్థమని బింగ్‌హామ్ 1919లో వ్యాసం రాశాడు. గోడకి రాసిన రంగు కారకుండా నిలిచేది అందుకే. బూడిద పులుముకున్న వేళ్ళు ఆ వ్యాసం చదవలేదు. కాని జీడినూనెని కారే ద్రవం నుంచి కారని ముద్దగా మార్చి, చర్మానికి ఎడంగా ఆపాలన్న తెలివి అదే.

పాకానికి పేర్లు పెట్టిందీ, పడుగుకి గంజి చిక్కదనం నిదానించిందీ, చేతికి ఆముదం ఎంచిందీ ఒకే తెలివి. అది పుస్తకంలోకి ఎక్కి సమీకరణం అయిన చోట దానికి విలువ కట్టారు. ఎక్కని చోట దాన్ని కూలి కింద జమ కట్టారు. రబ్బరు తొడుగులున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. కాని కూలి కిలోల లెక్కన వున్నచోట తొడుగు వేసుకుంటే వేలి వడి తగ్గుతుంది. వడి తగ్గితే సాయంత్రం తూకం తగ్గుతుంది. తొడుగు ధర కన్నా ఆ తగ్గిన తూకమే ఆవిడకి బరువు. కొన్ని ఫ్యాక్టరీల్లో పిక్క తనంతట తాను చీలే యంత్రాలు వచ్చాయి. అక్కడ చేతికి కాస్త ఊరట కలిగింది. కాని యంత్రం పగలగొట్టలేని వంకర పిక్కలు మళ్ళీ చేతి దగ్గరికే వస్తాయి.

ప్రమాణం 840లో నూనె నీళ్ళు, బూడిద, అయొడిను విలువ, చిక్కదనం - అన్నిటికీ ఇంతకు మించరాదని హద్దు రాశారు. కొనేవాడికి కీడు జరగకూడదని రాశారు గనక అది రాయదగిందే. అల్లాంటిదే ఒక్క హద్దు, ఈ నూనె రోజుకి ఇంత సేపటికి మించి ఒంటి చర్మాన్ని తాకరాదని, తొడుగు వేసుకున్న పూట కూలి తగ్గరాదని, పిక్కలు కొట్టే షెడ్డు గోడ మీదా రాయవచ్చు. దాన్ని కొలవడానికి గాజుగొట్టం అక్కర్లేదు, సమీకరణం అక్కర్లేదు. గడియారం వుంటే చాలు.

కాశీబుగ్గ దాటి రహదారి మీద లారీలు రాత్రంతా పోతూనే వుంటాయి. ముందు ఆవు అడ్డం వస్తే డ్రైవరు బ్రేకు తొక్కుతాడు. బండి జారకుండా, కీచుమనకుండా నిలుస్తుంది. ఆ చక్రాల్లో ఎక్కడో జీడి రెజిను పొడి పట్టుకుని ఆపుతూ వుండొచ్చు. ఆ రోడ్డుకి కూతవేటు దూరంలో, ఇంకా దీపం వెలుగుతున్న షెడ్డులో, మర్నాటి పనికి ఒక ఆడమనిషి ఆముదం సీసా నింపి పెట్టుకుంటూ వుంటుంది.